కొండల్లో డ్యూటీ చేసే జవానుకి కత్తి నిజంగా పనికొస్తుందా? తమ్ముడికి ఏది కొనాలి?

పలాస_పిల్లోడు:

నమస్తే అందరికీ. మా పిన్ని కొడుకు ఆర్మీలో చేరాడు, ట్రైనింగ్ అయిపోయి యూనిట్‌లో కొన్నాళ్లు ఉండి ఇప్పుడు మొదటి లీవ్ మీద ఊరొచ్చాడు, లీవ్ అయ్యాక కొండల మీదకి పోస్టింగ్ (ఎక్కడికో ఎప్పుడో రాశాను గానీ కింద పెద్దాయన చెప్పాక తీసేశాను). వాడికి అక్కడ పనికొచ్చేది ఏదైనా కొనిద్దామని అనుకుంటున్నా. వాచీ వాళ్లక్క ఆల్రెడీ కొనేసింది, అందుకని మంచి కత్తి ఒకటి చూద్దామని ఆన్‌లైన్‌లో వెతికితే బుర్ర తిరిగిపోతోంది. ఒకదానికి వీపు మీద రంపం పళ్లు, పిడి చివర దిక్సూచి, పిడి మూత విప్పితే లోపల అగ్గిపుల్లలు, చేపల గాలం. ఇంకోటి నల్లగా రెండు వైపులా పదునుతో ఉంది, పేరులో కమాండో అని ఉంది కాబట్టి రేటు కూడా కమాండో రేటే.

అసలు నా డౌటేంటంటే, చేతిలో రైఫిలు, పైన డ్రోన్లు, కళ్లకి నైట్ విజన్ ఉన్న ఈ రోజుల్లో సైనికుడికి కత్తితో పనేముంటుంది? సినిమాల్లో తప్ప ఎవరైనా వాడతారా? మా నాన్నైతే "వాడు వెళ్లేది బోర్డర్‌కా, వంకాయలు తరగడానికా" అని ఒకటే ఎగతాళి. వాణ్ని అడిగితే "ఏదోటి కొను అన్నా, నీ ఇష్టం" అంటాడు. సర్వీస్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, బడ్జెట్ 3000 దాకా.

మాజీ_హవల్దార్:

బాబూ, ముందు ఆ జాగా పేరు, నెల తీసెయ్. ఏ యూనిట్ ఎప్పుడు ఎటు కదులుతుందో ఇలా నలుగురూ చూసే చోట రాయకూడదు, మీ తమ్ముడికే మాట వస్తుంది. తీసేశాక మిగతాది చదువు.

ఇన్‌ఫాంట్రీలో చేసి రిటైరయ్యాను, మాది మిలిటరీ మాధవరం దగ్గర్లోనే, మా వైపు ఏ ఇంటి తలుపు కొట్టినా ఒక ఫౌజీ ఉంటాడు కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కత్తితో పనేముంటుంది అన్నావు, పొద్దున లేచిన దగ్గర్నుంచి కత్తితోనే పని, కాకపోతే ఆ పని శత్రువు మీద కాదు అంతే. రేషన్ వస్తుంది, గోనె సంచి మూతి కుట్టేసి ఉంటుంది, పెట్టె చుట్టూ ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంటుంది, టిన్నులుంటాయి. బంకర్‌కి ఇసక బస్తాలు నింపుతుంటే ఒకడు నింపుతాడు ఒకడు మూతి కడతాడు, సుత్లీ కోసి ఇచ్చేవాడు లేకపోతే ఇద్దరూ ఖాళీ. టెంటు తాడు ముడి తడిసి గడ్డకట్టిందంటే అది వేళ్లతో వచ్చేది కాదు, కోసి కొత్త తాడు కట్టుకోవాల్సిందే.

నేను ఎక్కువ వాడింది మాత్రం టెలిఫోన్ లైను మీద. లైను తెగిందంటే రాత్రో పగలో వెళ్లి తెగిన చోటు వెతికి, టార్చి పళ్ల మధ్య పట్టుకుని, వైరు చివర తొక్క ఒలిచి లోపలి తీగలు మెలిపెట్టాలి. కత్తి ఒక్క పిసరు ఎక్కువ నొక్కితే తొక్కతో పాటు తీగలు కూడా ఊడొస్తాయి, మళ్లీ మొదటికి. ఆ పనికి జానెడు కత్తి పెట్టుకుని ఏం చేస్తావు చెప్పు? బొటనవేలు అలుగు (కత్తిలో పదునుండే రేకు) వీపు మీద ఆనించి మెల్లగా తిప్పేంత చిన్నది కావాలి.

ఇంక నువ్వు చూసిన ఆ రంపం పళ్ల కత్తి అస్సలు వద్దు. ఆ పళ్లతో కట్టె తెగదు, బట్టకీ తాడుకీ పట్టుకుంటుంది. పిడి లోపల డొల్లగా ఉందంటే అలుగు ఇనుము పిడి మొదట్లోనే ఆగిపోయిందని అర్థం, రెండు దెబ్బలు గట్టిగా వేస్తే అక్కడే విరుగుతుంది. అలుగు ఇనుము పిడి చివరి దాకా వెళ్లాలి. అలుగు నాలుగంగుళాలు చాలు, అయిదు దాటితే పిట్టూలో (వీపు సంచిలో) బరువు తప్ప ఉపయోగం లేదు. మడత కత్తి కొండల కింద బాగుంటుంది గానీ పైన చలిలో లావుపాటి గ్లౌజు వేసుకుని ఆ సన్నటి గాటులో గోరు పెట్టి అలుగు లాగడం కుదరదు. 2019లో సియాచిన్ నుంచి మనవాళ్ల వీడియో ఒకటి తిరిగింది గుర్తుందా, జ్యూస్ డబ్బా చించితే లోపల గడ్డ, కోడిగుడ్డు సుత్తితో కొట్టినా పగల్లేదు. అంత చలిలో ఉత్త చేత్తో ఇనుము పట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది, కాబట్టి మొత్తం ఉక్కుతో చేసిన స్టైలు పిడి కత్తులు షోకేసులోకే. రబ్బరు పిడి ఉన్నది, ఒరలో గట్టిగా కూర్చునేది తీసుకో, పిడికి తాడు కట్టుకునే బెజ్జం ఉంటే ఇంకా మంచిది, మంచులో పడితే దొరకదు.

మీ నాన్నగారు జోకేశారు గానీ లంగర్‌లో డ్యూటీ పడితే వంకాయలు కూడా తరగాలి.

చరిత్ర_పురుగు:

హవల్దార్ గారు చెప్పిందానికి చరిత్ర కూడా సాక్ష్యమే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోల కోసం ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ అనే ఇద్దరు (షాంఘై పోలీసులో పనిచేసినవాళ్లు) ఒక బాకు డిజైన్ చేశారు, 1941 మొదట్లో విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ తయారు చేసింది. సన్నగా, రెండు వైపులా పదును, మనిషిని పొడవడానికి తప్ప ఇంక దేనికీ కాదు. పాపం కమాండోలు దాంతో పెట్టెలు, డబ్బాలు తెరవబోయి మొనలు విరగ్గొట్టుకున్నారు. మీరు ఆన్‌లైన్‌లో చూసిన నల్ల కమాండో కత్తి చాలామటుకు దాని కాపీనే.

అదే టైంలో అమెరికా మెరైన్లు 1942లో తీసుకున్న కేబార్ చూడండి, ఏడంగుళాల అలుగు, తోలు చక్రాలు పేర్చి నొక్కిన పిడి, పేరుకి ఫైటింగ్ నైఫ్. కానీ పసిఫిక్ దీవుల్లో వాళ్లు దాంతో చేసింది గుంతలు తవ్వడం, డబ్బాలు తెరవడం, పొదలు నరకడం, టెంటు మేకులు దిగ్గొట్టడం. అన్ని పనులకీ తట్టుకుంది కాబట్టే ఇప్పటికీ బతికుంది.

ఇంకా పాత కథ స్విస్ వాళ్లది. వాళ్ల సైన్యం కొత్త రైఫిల్ తీసుకుంది, అది విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి, తిండేమో డబ్బాల్లో వస్తోంది, రెండిటికీ ఒకే కత్తి ఉండాలని 1890లో మోడల్ ఖాయం చేశారు. అలుగు, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్, తోలుకి బెజ్జం వేసే దబ్బనం. తమాషా ఏంటంటే మొదటి 15,000 కత్తులు స్విట్జర్లాండ్‌లో చేసేవాళ్లు లేక జర్మనీలోని జోలింగెన్‌లో చేయించుకున్నారు, 1891 నుంచి కార్ల్ ఎల్సెనర్ సప్లై మొదలుపెట్టాడు, అదే ఇప్పటి విక్టోరినాక్స్. అంటే 130 ఏళ్ల కిందే ఒక సైన్యం కూర్చుని మన జవానుకి కత్తి ఎందుకు అని ఆలోచిస్తే వచ్చిన జవాబు తిండి, తుపాకీ రిపేరు.

నన్నడిగితే అన్నిట్లోకీ తెలివైనది రష్యావాళ్ల ఏకేఎం రైఫిల్ బయొనెట్ (తుపాకీ మూతికి తగిలించే కత్తి). అలుగులో ఒక బెజ్జం ఉంటుంది, ఒర చివర ఒక బుడిపె, బెజ్జాన్ని బుడిపెకి తగిలిస్తే ముళ్లకంచె కోసే కత్తెర అయిపోతుంది, కరెంటు ఉన్న కంచె అయినా షాక్ కొట్టకుండా ఒరకి రబ్బరు తొడుగు. రష్యావాళ్ల బుర్ర అది! ఆ తర్వాత అమెరికావాళ్లు ఎం9 బయొనెట్‌లో ఇదే ఐడియా వాడుకున్నారు.

సూర్యాపేట_సురేష్:

అన్నలూ, మీరు చెప్పేది మంచిగనే ఉంది గానీ కత్తి అంటే తాళ్లు కోస్కునేందుకే అన్నట్టు మాట్లాడుతుండ్రు, గల్వాన్ మర్చిపోయిండ్రా? మా సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు సార్, 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్, 2020 జూన్ 15 రాత్రి ఆ లోయల 20 మంది మనోళ్లు ప్రాణాలిచ్చిండ్రు, సార్‌కు మహావీర్ చక్ర ఇచ్చిండ్రు. ఆ రాత్రి తుపాకి పేలలే, మొత్తం చేతులతోని కొట్లాటే. గసొంటి జాగల నడుముకు గట్టి కత్తి ఉంటే ఎంత ధైర్యం ఉంటదో ఆలోచించుండ్రి. నాలుగు అంగుళాల చాకు పట్కొని ఏం చేస్తడు తమ్ముడు? నేనైతే పెద్దదే కొనుమంట.

మాజీ_హవల్దార్:

సురేష్, సంతోష్ బాబు సాబ్ పేరు వింటే మాకు చెయ్యి ఆటోమేటిక్‌గా సెల్యూట్‌కి లేస్తుంది. కానీ నువ్వు చెప్పిన ఉదాహరణే నీ వాదానికి అడ్డం తిరుగుతుంది చూడు. అక్కడ కాల్పులు ఎందుకు లేవు? వాస్తవాధీన రేఖకి 2 కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో చైనాతో ఒప్పందం ఉంది. కొట్లాట జరిగింది రాళ్లతో, కర్రలతో, మేకులు కొట్టిన ఇనప రాడ్లతో. ఎందుకంటావు? పొడవు ఉన్నవాడిదే పైచెయ్యి. రాడ్డు పట్టుకున్నవాడి దగ్గరికి కత్తితో వెళ్లాలంటే ముందు నాలుగు దెబ్బలు తినాలి. పైగా కొండల మీద ఒంటి మీద బట్ట మీద బట్ట, జాకెట్టు, వాటి మీంచి కత్తి దిగడం అనుకున్నంత ఈజీ కాదు. మనిషితో తలపడే పరిస్థితే వస్తే దానికి రైఫిల్ చివర బయొనెట్ ఉంది, అది సర్కారు ఇస్తుంది, కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) లెక్కలో ఉంటుంది, దాని డ్రిల్లు కూడా నేర్పిస్తారు. మార్కెట్లో కొన్న కత్తికి డ్రిల్లు ఎవడు నేర్పుతాడు?

చరిత్ర_పురుగు:

సురేష్ అన్న వైపు కూడా ఒక మాట వెయ్యాలి. బయొనెట్ కాలం అయిపోయిందని అందరూ అంటూనే ఉంటారు, 2010లో అమెరికా ఆర్మీ కొత్త రిక్రూట్ల ట్రైనింగ్‌లోంచి బయొనెట్ దాడి ప్రాక్టీస్ తీసేసింది కూడా. కానీ 1982లో ఫాక్‌లాండ్స్‌లో టంబుల్‌డౌన్ కొండ మీద స్కాట్స్ గార్డ్స్ అనే బ్రిటిష్ దళం వాళ్లు రాత్రిపూట బయొనెట్లు తగిలించుకునే పైకెక్కారు, 2004లో ఇరాక్‌లో అమారా దగ్గర బ్రిటిష్ సైనికులు మళ్లీ అదే పని చేశారు. కాబట్టి ఎప్పుడో ఒకసారి అవసరం పడుతుంది, కాదనను. కానీ అవి రెండూ రైఫిల్‌కి తగిలించినవే, విడిగా చేత్తో పట్టుకున్న కత్తులు కావు.

మిజో_కొండల_మూర్తి:

నేను ఈశాన్యంలో పారామిలటరీలో చేశాను. హవల్దార్ సాబ్ చెప్పిందంతా మంచు కొండలకి కరెక్టు, అడవికి పనికిరాదు. అక్కడ వెదురు, తీగలు, ముళ్లు, రెండ్రోజులు మనిషి నడవకపోతే దారి మూసుకుపోతుంది. చిన్న కత్తి జేబులో ఉంటే ఉండనీ, చేతిలో మాత్రం దావ్ (అక్కడివాళ్లు వాడే పెద్ద నరుకుడు కత్తి) ఉండాలి. వెదురు నరికి, చీల్చి, నేలకి ఎత్తుగా మంచె కట్టుకుంటేనే రాత్రి తడవకుండా, జలగలు ఎక్కకుండా నిద్ర. ఊళ్లో పిల్లలు కూడా ఒక్క వేటుకి వెదురు బొంగు వాటంగా కొట్టేస్తారు, మనం మొదటి వారం చేతులు బొబ్బలెక్కించుకుంటాం. అక్కడి వైరెంగ్టె జంగిల్ వార్‌ఫేర్ స్కూల్ పేరు వినే ఉంటారు, మిజోరంలో ఉంది, అడవిలో బతకడం అంటే ఏంటో అక్కడ కోర్సు చేసొచ్చినవాణ్ని అడగండి.

గూర్ఖాల కుక్రీ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఒరలోంచి తీస్తే రక్తం చూపించకుండా లోపల పెట్టరు అంటారు, అది ఉత్త కోత, మా క్యాంపులో గూర్ఖా కుర్రాళ్లు కుక్రీతో మేక మాంసం కొట్టేవాళ్లు, కట్టెలు చీల్చేవాళ్లు, ఇంక రక్తం చూపించాలంటే పూటకోసారి వేలు కోసుకోవాలి. దాని బరువంతా మొన వైపు ఉంటుంది కాబట్టి చిన్న కత్తి పొడుగులోనే గొడ్డలి పని చేస్తుంది. కానీ ఒర వెనకాల చూశారా ఎప్పుడైనా? ఇంకో రెండు బుల్లి కత్తులు దూర్చి ఉంటాయి. కర్దా అనేది పదునుగా ఉంటుంది, చిన్న చిన్న కోతలకి. చక్మక్ అనేది మొద్దుగా ఉంటుంది, కుక్రీకి పదును సరిచెయ్యడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాజెయ్యడానికి. తాతల నాటి నుంచి యుద్ధం చేసేవాళ్లే పెద్ద కత్తి ఒక్కటే చాలనుకోలేదు.

యుద్ధంలో వాడలేదని కాదు. కానీ 2010లో అఫ్గానిస్తాన్ హెల్మండ్‌లో దీప్‌ప్రసాద్ పున్ అనే బ్రిటిష్ గూర్ఖా ఒక్కడే నిలబడి చెక్‌పోస్ట్ కాపాడాడు, దానికి పెద్ద మెడల్ కూడా ఇచ్చారు. తుపాకీ పలకనప్పుడు పైకి ఎక్కొస్తున్న తాలిబాన్‌ని కొట్టింది దేంతో అనుకున్నారు? మెషిన్‌గన్ నిలబెట్టే ట్రైపాడ్‌తో! చేతికి ఏది అందితే అదే ఆయుధం. కాబట్టి తమ్ముడికి ఆయుధం కొంటున్నా అనే ఆలోచన మానేసి పనిముట్టు కొనండి.

వైజాగ్_సిస్టర్:

మిలిటరీ హాస్పిటల్‌లో పనిచేశాను. దెబ్బ తగిలినవాడి బట్టలు కోయడానికి దయచేసి కత్తి వాడొద్దని తమ్ముడికి చెప్పండి. చలికి వణికే చేతులు, పైన తొందర, కింద ఉన్నవాడు నొప్పికి కదులుతుంటాడు, బట్టతో పాటు ఒళ్లు కూడా కోసుకున్న కేసులు చూశాను. దానికి వంకర తిరిగిన కత్తెర ఒకటి ఉంటుంది, ట్రామా షియర్స్ అంటారు, కింది కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చర్మానికి ఆనించి జరిపినా గుచ్చుకోదు, బూటు లేసులు, బెల్టు, మందపాటి జాకెట్టు అన్నీ కోసేస్తుంది. సర్జికల్ షాపుల్లో నాలుగైదు వందలకే దొరుకుతుంది. కత్తితో పాటు అది కూడా కొనండి, ఒకవేళ ఒకటే కొంటానంటే నేనైతే అదే కొనమంటాను.

కోర్టు_పక్షి:

లీగల్ పాయింట్ ఎవరూ చెప్పలేదు. అలుగు 9 అంగుళాల కన్నా పొడుగు గానీ 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉంటే ఆయుధాల చట్టం కింద లైసెన్స్ గొడవలోకి వెళ్తుంది, వంటింటి కత్తులు, వ్యవసాయం పనిముట్లు దాంట్లో రావు. సురేష్ గారు చెప్పిన పెద్ద కత్తి వేసుకుని లీవ్ అయ్యాక ఒక్కడే సివిల్ డ్రెస్‌లో రైలెక్కితే రైల్వే పోలీసులకి సమాధానం చెప్పుకుంటూ కూర్చోవాలి. ఫ్లైట్‌లో వెళ్తే ఎంత చిన్నదైనా చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ బ్యాగులో అడుగున పెట్టమనండి.

పలాస_పిల్లోడు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వస్తుందనుకోలేదు. సిస్టర్ గారూ, ఆ కత్తెర రేపే తెస్తాను. హవల్దార్ గారూ, ఇంకో రెండు డౌట్లు. ఒకటి, కత్తి బదులు ప్లయర్ ఉన్న మల్టీటూల్ కొంటే ఎలా ఉంటుంది, లెదర్‌మాన్ లాంటిది, ఒరిజినల్ నా బడ్జెట్ దాటుతోంది గానీ అలాంటివే చవకవి ఉన్నాయి. రెండు, కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా?

మాజీ_హవల్దార్:

మల్టీటూల్ బ్రహ్మాండంగా ఉంటుంది, ప్లయర్ ఒక్కటి చాలు డబ్బులు గిట్టుబాటు అవ్వడానికి. వేడి గిన్నె దించొచ్చు, స్టవ్ నాజిల్ బిగించొచ్చు, కంచె తీగ మెలితిప్పొచ్చు. కంచె తీగ మీద కత్తి పెట్టి కొట్టేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, తీగ తెగదు, పదును పోతుంది. కానీ చవక కాపీలు వద్దు, గట్టిగా నొక్కితే దవడ పక్కకి తిరుగుతుంది, స్క్రూడ్రైవర్ మొన అరిగిపోతుంది. ఒరిజినల్‌కి డబ్బులు చాలకపోతే ఇప్పుడు కత్తి కొను, వాడు జీతం దాచుకుని అది తర్వాత కొనుక్కుంటాడు.

స్టీలు విషయం. కార్బన్ స్టీలు పదును బాగా పడుతుంది, సాన పట్టడం సులువు, కానీ చెమటా తేమా తగిలితే రెండ్రోజుల్లో తుప్పు చుక్కలు. మూర్తి గారు చెప్పిన వైపైతే రోజూ నూనె బట్టతో తుడవాలి. వాడు రైఫిల్ ఎలాగూ తుడుస్తాడు, అదే గుడ్డ కత్తి మీద ఒకసారి లాగితే చాలు. కొత్త కుర్రాడు కదా, అంత ఓపిక ఉంటుందో లేదో నీకే తెలియాలి. నేనైతే మామూలు స్టెయిన్‌లెస్సే ఇస్తాను, మరీ గట్టి స్టీలు అని రేటు ఎక్కువ పెట్టి అమ్మేవి కూడా వద్దు, అవి మొద్దుబారితే పోస్ట్ మీద ఎవడూ పదును పెట్టలేడు.

1500 లోపు మంచి రబ్బరు పిడి కత్తి వస్తుంది. మిగిలిన డబ్బుల్లో ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగా ఉండే చిన్న సానరాయి కొను. లీవ్ అయ్యేలోపు ఇంట్లో పాత కూరల కత్తి మీద వాడి చేత పదును పెట్టించు, అలుగుని రాయి మీద ఒకే వాలులో పట్టుకోవడం రావాలి, మొదట్లో అందరూ పైకీ కిందకీ ఊపుతారు. రాయి పోయినా పింగాణీ కప్పు బోర్లించి కింద మెరుగు లేని గరుకు అంచు మీద లాగినా పదును వస్తుంది, ఆ కిటుకు కూడా చూపించు. యూనిట్‌కి వెళ్లాక మాత్రం దాచుకోకుండా వాళ్ల సీనియర్ జేసీవో సాబ్‌కి చూపించి ఉంచుకోవచ్చా అని అడగమను, కొన్ని చోట్ల సొంత కత్తి ఒప్పుకోరు.

సూర్యాపేట_సురేష్:

హవల్దార్ సాబ్, మీ మాటకు ఎదురు చెప్పలేను గానీ కుక్రీ మాత్రం నేనే ఒకటి కొనుక్కుంట, ఇంట్ల గోడకు పెట్టుకుందామని. మూర్తన్నా, కర్దా చక్మక్ రెండూ ఉన్నది ఏడ దొరుకుతది?

మిజో_కొండల_మూర్తి:

డెహ్రాడూన్ వైపు ఎవరైనా తెలిసినవాళ్లుంటే తెప్పించుకో సురేషూ, ఆన్‌లైన్‌లో అమ్మే తళతళలాడేవి ఎక్కువ షోకేసు సరుకే. కోర్టు పక్షి గారు చెప్పిన 9 అంగుళాలు మాత్రం కొలుచుకుని తీసుకో.